బియ్యం డబ్బాలో ఐదు ఓట్లు

పాస్‌పోర్టు కోసం సంతకం నేర్చుకున్నాను. అంతకు మించి నాకు రాత రాదు. నేను చెబుతుంటే రెహానా రాస్తున్నది. రెహానాది కరీంనగర్. ఇక్కడ దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. ఉర్దూ ఎంత బాగా మాట్లాడుతుందో తెలుగు అంత బాగా రాస్తుంది. నా మాటలో మోటుతనాన్ని కొంచెం సాపు చేస్తానన్నది. చేసుకోనీ. తిట్లు మాత్రం తీయొద్దన్నాను.

నా పేరు రాజవ్వ. మాది జగిత్యాల దగ్గర పల్లె. బీడీలు చుట్టి బతికేదాన్ని. నా భర్త బావిలో పూడిక తీస్తుంటే మట్టి కూలి పోయాడు. ఆ మరుసటి ఏడే ఇంటి పని మీద ఖతర్ వచ్చాను. మా ఊళ్ళో ఇప్పటికీ ‘రాజవ్వ దుబాయ్‌ల ఉన్నది’ అనే చెప్పుకుంటారు. ఖతర్, ఖతర్ అని కొన్నేళ్ళు దిద్ది, నోరు నొచ్చి మానేశాను.

వచ్చే నెల ఇంటికి వెళ్ళిపోతున్నాను. ఇప్పుడు కొత్తగా ఇంటి పనికి వస్తున్న ఆడపిల్లలకు నాలుగు మాటలు చెప్పి వెళదామని ఇది. వీసా సంగతి, అరబ్బీలో ఉప్పునేమంటారు, పప్పునేమంటారు, ఇవన్నీ ఏజెంటు చెబుతాడు. ఏజెంటు చెప్పనిది ఒకటుంది. ఇంటి పనంటే గిన్నెలు, గుడ్డలు అనుకుని వస్తారు. వచ్చాక తెలుస్తుంది, ఇంకొకరి బతుకంతా మీ చేతుల్లో పెట్టి వాళ్ళు డ్యూటీకి పోతారని. చెయ్యి జారితే పగిలేది పింగాణీ ఒక్కటే కాదు.

నా చెయ్యి ఒకసారి జారింది. ఎక్కడో సముద్రం అవతల ఒక చిన్న పార్టీ నా వల్ల ఎన్నికల్లో ఓడిపోయింది. మళ్ళీ నా వల్లే గెలిచింది. ఓడింది నా వల్లేనని అందరూ ఒప్పుకుంటారు. గెలిచింది నా వల్లేనంటే మాత్రం కొందరు గొణుగుతారు. గొణగనీ.

మొదటి ఇల్లు

మొదట పని చేసింది అల్ షహానియాలో, ఒంటెలున్న పెద్ద కుటుంబంలో. ఆ ఇంటి పెద్దావిడను అందరూ మామా అనేవాళ్ళు. నోరు కత్తి. అన్నం వడ్డించే దగ్గర మాత్రం నాకూ తన మనవళ్ళకూ తేడా చూపేది కాదు. నేను చూసిన యజమానుల్లో న్యాయం తెలిసిన మనిషి.

ఒకసారి ఆవిడ పేరు మీద ఏదో కాగితం వచ్చింది. పెద్దకొడుకు అడిగితే ఇచ్చేశాను. ఆ కాగితం ఇంట్లో పెద్ద గొడవ తెచ్చింది. మామా నన్ను పిలిచి నిలబెట్టింది.

“కాగితం ఎవరిది?” అన్నది.

“మీది మామా.”

“మరి ఎవరి చేతికిచ్చావు?”

“మీ పెద్దకొడుకు చేతికి.”

“కాగితం ఎవరిదైతే వాళ్ళ చేతికే. అప్పటిదాకా దాచు. ఎవరు అడిగినా మాఫీ, లేదు, అనాలి. అర్థమైందా?”

అర్థమైంది. మరీ ఎక్కువ అర్థమైంది. ఆ ఇంట్లో ఉన్న ఏళ్ళన్నీ ఏ కాగితం వచ్చినా మా ఊళ్ళో దాచినట్టే దాచేదాన్ని. మా ఊళ్ళో భూమి కాగితం, రేషన్ కార్డు, బీడీ పాసుబుక్కు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెడతాం. అక్కడ చెదలు పట్టవు, ఎలుకలు కొరకవు, దొంగ వెతకడు. మామా ఒకసారి ఆ డబ్బాలో చెయ్యి పెట్టి తన కాగితం తీసుకుని, జన్మలో మొదటిసారి నన్ను మెచ్చుకున్నది.

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. ఒక ఇంట్లో మెప్పు తెచ్చిన అలవాటు ఇంకో ఇంట్లో కొంప ముంచుతుంది. ఇల్లు మారితే చేతులు కడుక్కున్నట్టే అలవాట్లనూ కడుక్కోవాలి.

లిఫ్టులో పట్టే పార్టీ

మామా పోయాక అల్ అజీజియాలో ఒక తెల్లావిడ ఇంట్లో కుదిరాను. పేరు ఉషియా. గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. ఒంటరి మనిషి. మొదటి రోజే నన్ను మేడమ్ అనొద్దన్నది. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. రెండూ కలిపి ఉషమ్మ చేశాను.

ఉషమ్మది స్పెయిన్ దేశంలో పడమటి మూల. గలీసియా అంటారు. వాన, సముద్రం, గడ్డి. వాళ్ళ భాష వేరు. స్పెయిన్ వాళ్ళు ఆ భాషను పల్లెటూరి మాటని నవ్వుతారట. మొదట్లో మేమిద్దరం రాని హిందీలో తంటాలు పడేవాళ్ళం. ఒకరోజు ఆమె ఒక నోటుబుక్కు తెచ్చుకుని నా ముందు కూర్చుంది. మన ఇంట్లో పని చేసే మనిషి భాష నేర్చుకోకుండా, మా భాషకు మర్యాద ఇవ్వమని ఊరందరినీ ఎలా అడుగుతానన్నది. రెండేళ్ళకు మా జగిత్యాల మాట ఆమెకు పట్టుబడింది. అందుకే ఇందులో ఆమె మాటలన్నీ మా యాసలోనే ఉంటాయి.

ఒక శుక్రవారం ఇస్త్రీ చేస్తుంటే బట్టల్లో ఒక జెండా తగిలింది. తెల్లగుడ్డ, మూల నుంచి మూలకు నీలం పట్టీ, మధ్యలో ఐదు కొనల ఎర్ర చుక్క. నా చిన్నతనంలో మా ఊళ్ళో ఎర్ర గుడ్డ దొరికిన ఇంటి మగవాళ్ళను జీపులో ఎక్కించుకుపోయేవాళ్ళు. జెండాను రెండు దుప్పట్ల మధ్య కుక్కి, ఉషమ్మ దగ్గరికి వెళ్ళాను.

“అమ్మా, నువ్వు అన్నలల్ల ఉన్నవా?”

“అన్నలెవ్వరు?”

“అడవిల ఉంటరు. తుపాకులు, ఎర్ర జెండలు.”

ఆమె ఎంతసేపు నవ్విందో. “మాది అడవి పార్టీ కాదు రాజవ్వా, ఓట్ల పార్టీ. ఓట్లే లెవ్వు.”

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. వాళ్ళది చిన్న పార్టీ. కూలివాళ్ళ పక్షం. బడిలో తమ భాష ఉండాలంటారు. తమ నది ఎవరిదో, అడవి ఎవరిదో తమ నేల వాళ్ళే తేల్చుకోవాలంటారు. నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. తెలంగాణ కోసం రోడ్డు మీద వంట చేసి తిన్న ఊరు మాది. మా మాటనూ మోటు మాటని నవ్వినవాళ్ళున్నారు.

ఇక్కడ ఇంకో దేశపు మీటింగులు, జెండాలు పనికిరావు. అందుకని జెండా అలమారాలోనే ఉండేది. మనుషులు మాత్రం శుక్రవారం భోజనానికి వచ్చేవాళ్ళు. పది, పన్నెండు మంది. ఒక టీచరు, ఒక నర్సు, తక్కినవాళ్ళు ఇంజనీర్లు, ఓడల వాళ్ళు. అందరిలో పెద్దవాడు మనోయెల్. ఓడ ఇంజన్ల దగ్గర ముసలివాడయ్యాడు. మనవాళ్ళతో కలిసి పని చేసి హిందీ పట్టుకున్నాడు. “ఖతర్‌లో మా పార్టీ మొత్తం ఒక లిఫ్టులో పడుతుంది” అనేవాడు. “అయినా రెండు ముఠాలున్నాయి.”

అది నిజమే. వాళ్ళ దేశంలో అవే మాటలు చెప్పే ఇంకో పార్టీ ఉన్నదట, కొంచెం పెద్దది. నేను చేపలు తెచ్చి పెడుతూ ఊరికే అడిగాను. “ఇద్దరూ ఒక్కటే మాట అంటున్నరు గద, కలిసిపోరాదు?”

ఆ మాట అడగకుండా ఉండాల్సింది. రెండు గంటలు అరుచుకున్నారు. చేపలు చల్లారిపోయాయి. మా దగ్గర ఎర్ర పార్టీలూ అంతే. ఎవడు ఏ ఏడు ఎవడి నుంచి విడిపోయాడో చెప్పడానికే వాళ్ళకు పొద్దు చాలదు.

ఇంకోసారి నేనే గొడవ పెట్టాను. తిన్న పళ్ళాలు బల్ల మీద వదిలేసి కూలివాళ్ళ హక్కుల గురించి మాట్లాడుతున్నారు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

“కూలోళ్ళ పార్టీ అంటున్నరు. మరి గీ పళ్ళాలు ఎవలు కడగాలె?”

ఉషమ్మ అది వాళ్ళ భాషలో చెప్పింది. మనోయెల్ లేచి తన పళ్ళెం తీసుకుని సింకు దగ్గరికి నడిచాడు. ఆ రోజు నుంచి ఎవరి పళ్ళెం వాళ్ళే కడిగారు. నన్నడిగితే ఆ పార్టీ మొదటి గెలుపు అదే.

వాళ్ళ వంటలూ నేర్చుకున్నాను. ఆక్టోపస్‌ను మరిగే నీళ్ళలో మూడుసార్లు ముంచి తీసి, అప్పుడు వదలాలి. లేకపోతే తోలు ఊడుతుంది. పైన వాళ్ళ ఎర్రకారం చల్లుతారు. అది రంగుకే తప్ప నాలుకకు తగలదు. నేను మా ఊరి కారం వేశాను. మనోయెల్ కళ్ళలో నీళ్ళు కారుతుంటే రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆ ఏడు గలీసియా సభకు ఎన్నికలొచ్చాయి. వాళ్ళ తరఫున నిలబడిన మనిషి పేరు కార్మె. ఆమె ఫోటో ఉషమ్మ చూపించింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో పార. సముద్రం వెనక్కి పోయినప్పుడు ఆ బురదలో వంగి, ఆల్చిప్పలు తవ్వి అమ్ముకునే మనిషి. ఉషమ్మ తల్లి కూడా అదే పని చేస్తుందట. ఇద్దరూ విధవలే. వాళ్ళ నది పైన ఒక పెద్ద ఫ్యాక్టరీ కడతామంటున్నారు. దాని మురుగు దిగితే చిప్పలు చస్తాయి. చిప్పలు చస్తే ఆ ఒడ్డున ఆడవాళ్ళకు పని ఉండదు. ఆ మాట సభలో నిలబడి అడగడానికి కార్మె పోటీ చేస్తున్నది.

“కూలి చేసుకునే ముండమోపి ఓట్లల్ల నిలవడ్డదా?” అన్నాను.

“ఔ. నవ్వుతున్నరు అందరు.”

ఫోటో కింది రాత నాకు చదవరాకపోయినా ఆ ఫోటో అడిగి తీసుకున్నాను. ముప్ఫై ఏళ్ళు ఆకు కత్తిరించి బీడీ చుట్టిన వేళ్ళు నావి. ఆ వంగిన నడుము నాకు తెలుసు.

బియ్యం డబ్బా

ఇక నా తప్పు చెబుతాను.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకు వాళ్ళ ప్రభుత్వం ఓటు కాగితాలను పోస్టులో పంపుతుంది. వాటిని నింపి, కవరులో పెట్టి, గడువు లోపల ఇక్కడి వాళ్ళ ఎంబసీలో ఉన్న పెట్టెలో వెయ్యాలి. ఖతర్‌లో మన దగ్గరలా పోస్టుమాన్ గడప దాకా రాడు. కంపెనీ పేరు మీద పోస్టాఫీసులో ఒక పెట్టె ఉంటుంది. ఉత్తరాలన్నీ అందులోకే. గుంపులో నలుగురు, తమ క్యాంపుల్లో పోతాయేమోనని, ఉషమ్మ కంపెనీ పెట్టె నంబరే ఇచ్చారు.

ఉషమ్మ ప్లాంటులో పెద్ద మరమ్మతు ఉండి రెండు వారాలు అక్కడే ఉన్నది. ఆ రోజుల్లోనే కంపెనీ డ్రైవరు ఒక కట్ట తెచ్చి నా చేతికిచ్చి, ఆ సాయంత్రమే సెలవు మీద నేపాల్ వెళ్ళిపోయాడు. ఐదు లావు కవర్లు. పైన ముద్రలు, గీతలు. చూస్తేనే భయం వేసే కాగితాలు. మామా మాట గుర్తొచ్చింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ముడి వేసి, బియ్యం డబ్బా అడుగున పెట్టాను. ఉషమ్మ వచ్చాక చేతికివ్వాలని.

రెండు రోజులకు జ్వరం అందుకున్నది. ఆసుపత్రిలో పడ్డాను. నర్సులు పేరడిగితే మా అమ్మ పేరు చెప్పానట. ఉషమ్మ ప్లాంటు నుంచి ఫోన్ చేసి ఏమైనా పోస్టు వచ్చిందా అని అడిగిందట. నేనేం చెప్పి ఉంటానో మీకు తెలుసు. ‘మాఫీ.’

నేను లేచి ఇంటికి వచ్చేసరికి గడువు దాటింది. జ్వరంతో పాటు ఆ కవర్ల సంగతీ నా తలలోంచి పోయింది. పోస్టులో ఎక్కడో పోయాయని వాళ్ళనుకున్నారు. నేను లేనప్పుడు ఎవరో కొత్త బియ్యం సంచి తెచ్చి డబ్బాలో పోశారు.

అక్కడ లెక్కలైతే కార్మె ఓడిపోయింది. మూడు ఓట్లు. ఆఖరి సీటు మూడు ఓట్లతో పోయింది. ఆ శుక్రవారం వాళ్ళు వచ్చారు గానీ ఎవరూ తినలేదు.

నెల తర్వాత డబ్బా అడుక్కు వచ్చి, గిన్నెతో తోడుతుంటే ప్లాస్టిక్ చేతికి తగిలింది.

ఇంట్లో ఎవరూ లేరు. చెత్త సంచి పక్కనే ఉన్నది. అందులో వేసి ముడి వేస్తే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. వెయ్యలేదని గొప్ప చెప్పుకోను. చాలాసేపు చూశాను ఆ సంచిని. ఫోటోలో కార్మె నడుము గుర్తొచ్చింది. కవర్లు బల్ల మీద పెట్టి, ఉషమ్మ వచ్చేదాకా నిలబడే ఉన్నాను.

ఉషమ్మ కవర్లను చూసింది. ఒక్కొక్కటి లెక్కపెట్టింది. ఐదు. వంటగది నేల మీద కూలబడింది.

“ఏడ ఉన్నయి?”

“బియ్యం డబ్బల.”

“బియ్యం డబ్బల ఎందుకు?”

“చెదలు పట్టయని.”

నన్ను పంపించేస్తుందనుకున్నాను. నేనైతే పంపేదాన్ని. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి భుజాలు వేరేలా కదిలాయి. నవ్వుతున్నది.

“మా అమ్మమ్మ గూడ గంతే రాజవ్వా. కాయితాలన్ని మక్కల గాదెల దాచేది. రాతి కాళ్ళ మీద ఉంటది మా గాదె, ఎలుకలు ఎక్కయి. తాత చచ్చిపోయినంక ఇంటి కాయితం దొరుకక రెండేండ్లు దేవులాడినం.”

ఉషమ్మ క్షమించింది. మనోయెల్ క్షమించలేదు. ఆ ఐదింటిలో ఒకటి ఆయనది. ఆ తర్వాత నాలుగేళ్ళూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. బియ్యం మనిషి అనేవాడు. అన్నం వడ్డిస్తే చెంచాతో కెలికి, “ఇందులో ఇంకా ఓట్లేమైనా ఉన్నాయా?” అని అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం మండేది.

పిల్లలూ, తప్పు చేస్తే చెప్పెయ్యండి. చెప్పాక తిట్లు పడతాయి, అవి పడాలి. దాచితే ఎవరూ తిట్టరు, కానీ ఆ ఇంట్లో మీరు మళ్ళీ తల ఎత్తి నడవలేరు. నేను నడిచాను.

రెండు ఇంటిపేర్లు

నాలుగేళ్ళకు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. మళ్ళీ కార్మె. ఫ్యాక్టరీ ఇంకా కట్టలేదు గానీ కొలతలు వేశారట. ఈసారి ఓడితే ఇక అడ్డుకునే నోరు ఉండదని ఉషమ్మ చెప్పింది.

మనోయెల్ ముందే ఒక హుకుం వేశాడు. ఈసారి ఎవరి ఓటు కాగితాలు వాళ్ళ కంపెనీ పెట్టెకే తెప్పించుకోవాలి. ఉషమ్మ ఇంటికి ఒక్కటీ రావద్దు. ఎందుకో గదిలో అందరికీ తెలుసు. నేను పళ్ళాలు తుడుస్తూ విన్నాను.

గడువు ఇంక మూడు రోజులుందనగా అందరూ వచ్చారు. ఉషమ్మకు, ఇంకొకరికి తప్ప ఎవరికీ కవరు రాలేదు. పోస్టును తిట్టారు, ప్రభుత్వాన్ని తిట్టారు. ఉషమ్మ ముఖం చూడలేకపోయాను. నేను వెళ్ళి మధ్యలో నిలబడ్డాను.

“మనోయెల్ సాబ్, మీ ఆఫీసుల పోస్టు ఎవలు తెస్తరు?”

“ఆఫీసు వాళ్ళు.”

“ఆఫీసు నడిచొస్తదా? మనిషెవలు? పెట్టె తాళం ఎవల తాన ఉంటది?”

ఆయన ఉషమ్మను చూశాడు. ఉషమ్మ టీచరును చూసింది. టీచరు నర్సును చూసింది. కూలివాళ్ళ కోసం పార్టీ పెట్టుకున్న మనుషులు, అంత చదువుకున్నవాళ్ళు, తమ ఉత్తరం ఏ కూలివాడి చేతి మీదుగా వస్తుందో ఒక్కరికీ తెలియదు. అది వాళ్ళ ముఖం మీదే అన్నాను. ఉషమ్మ వాళ్ళ భాషలోకి మార్చి చెప్పింది, కొంచెం మెత్తగా చెప్పి ఉంటుంది.

నాకు తెలుసు. ఈ ఊళ్ళో ఏ ఆఫీసుకు వెళ్ళినా చాయ్ పోసే మనిషి, పోస్టు సంచి మోసే మనిషి, గేటు దగ్గర మనిషి మనవాళ్ళో, మలయాళీలో, నేపాలీలో. మనోయెల్ కంపెనీ ఉన్న బిల్డింగులోనే మా ధర్మపురి సాయన్న చాయ్ చేస్తాడు. అక్కడే నిలబడి అతనికి ఫోన్ చేశాను.

“ఏందక్కా, తెల్లోళ్ళ తరపున ఓట్లల్ల నిలవడ్డవా?” అని నవ్వాడు.

“నిలవడితె నీ ఓటు నాకెయ్యవు గని, పొద్దుగాల పోస్టు రూంల జూడు. స్పెయిన్ ముద్ర ఉన్న లావు కవరు. ముట్టకు. ఉన్నదో లేదో చెప్పు, గంతే.”

పొద్దున తొమ్మిదింటికి చెప్పాడు. “అక్కా, ఒకటున్నది. గని గీ పేరు మనిషి లేడని క్లర్కు పక్కన పడేసిండు. వాపస్ పంపే డబ్బల ఉన్నది.” కవరు ఫోటో తీసి పంపాడు.

ఉషమ్మ చూసి కేక వేసింది. అది మనోయెల్‌దే. సంగతేమిటంటే, వాళ్ళకు రెండు ఇంటిపేర్లుంటాయి. ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. తల్లి ఇంటిపేరు కూడా చచ్చేదాకా మోస్తారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. కవరు మీద తండ్రి ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి ఆఫీసు రికార్డులో చివర ఉన్న తల్లి ఇంటిపేరే అసలు పేరుగా ఎక్కింది. కవరు మీద మొదటి ఇంటిపేరు పట్టుకుని క్లర్కు వెతికాడు. అలాంటివాడు మాఫీ.

సాయన్న వింటూనే అన్నాడు. “గదేనా? మన పాస్‌పోర్టులల్ల గూడ గిట్లనే గాలేదా అక్కా? మొదటి కంపెనీల ఆర్నెల్లు నన్ను మా నాయిన పేరు మీదనే పిలిచిన్రు. మా నాయిన సచ్చి పదేండ్లాయె, నేను పలికిన.”

అంటే ఓట్లు పోలేదు. దోహాలో ఎనిమిదో పదో ఆఫీసుల్లో, వాపసు పంపే డబ్బాల్లో పడుకున్నాయి.

ఉషమ్మ ఒక్కొక్కరి పేరు రెండు విధాలుగా రాసింది. నేను ఆ కాగితం తీసుకుని రెహానా దగ్గరికి పరుగెత్తాను. రెహానా మిషను ఆపి, ఇంగ్లీషులో ఒక వరుస, తెలుగులో ఒక వరుస, ఉర్దూలో ఒక వరుస రాసింది. “క్యా అక్కా, పెండ్లి పత్రికలు రాసినట్టు రాయిపిస్తున్నవ్” అన్నది. సాయన్న దాన్ని మా దిక్కువాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టాడు. కింద నా మాట వినిపించాడు. “కవరు తియ్యద్దు, దాయద్దు. పరాయోళ్ళ కాయితం. ఫలాన మనిషిదని క్లర్కుకు చెప్పున్రి, ఆ మనిషికి ఫోన్ కొట్టున్రి. యల్లా, జల్ది.” దాయొద్దని రెండుసార్లు చెప్పాను.

మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. బడిలో గేటు దగ్గరుండే పోచన్న టీచరమ్మకు చెప్పాడు. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే నిజామాబాద్ ఆమె నర్సుకు చెప్పింది. ఒక కవరైతే వాపసు సంచిలోకి వెళ్ళి, సంచి బండి ఎక్కాక దొరికింది. డ్రైవరు బండి ఆపి, క్లర్కును పిలిచి తీయించాడు. గడువు రోజుకు ఒక్కరివి తప్ప అందరివీ ఎంబసీ పెట్టెలో పడ్డాయి.

ఆ సాయంత్రం మనోయెల్ నేరుగా వంటగదిలోకి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“రాజవ్వా” అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత. “నా మీద కోపం రాలేదా నీకు?”

“వచ్చింది సాబ్. గందుకే మీ పళ్ళెంల కారం రెండింతలు ఏసిన.”

“అదే నాకు నచ్చింది” అన్నాడు.

లెక్క తేలిన రోజు

అక్కడ మొదటి లెక్క అయినప్పుడు కార్మె కొంచెం వెనక ఉన్నది. బయటి దేశాల కవర్లు ఎనిమిది రోజుల తర్వాతే విప్పుతారట. ఆ ఎనిమిది రోజులు ఉషమ్మ సరిగా తినలేదు. నేను కసిరి పెట్టాను.

లెక్క రోజు మిట్టమధ్యాహ్నం. చేపలు కడుగుతున్నాను. తలుపు దబ్బున తెరుచుకున్నది. ఉషమ్మ డ్యూటీ బూట్లతోనే లోపలికి వచ్చి, పొలుసు అంటిన నా చేతులు రెండూ పట్టుకున్నది. తల పైకీ కిందికీ ఊపింది. బయటి ఓట్లతో కార్మె ముందుకు వచ్చింది. ఆఖరి సీటు వాళ్ళది.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేమీ లేదు. వంటగదిలో బతుకమ్మ చుట్టూ తిరిగినట్టు చప్పట్లు కొట్టుకుంటూ తిరిగాను. ఉషమ్మ నా వెనక తిరిగింది.

బయటి దేశాల కవర్లన్నీ ఒకే కుప్పగా విప్పుతారు. అందులో దోహావి ఎన్నో, ఎక్కడివి ఎన్నో ఎవరూ చెప్పలేరు. మనవి లేకపోయినా గెలిచేవాళ్ళేమో అని టీచరమ్మ అన్నది. లెక్కల టీచరు, అంటుంది మరి. ఆ గెలుపులో మావి అరచేతిలో పట్టేన్ని ఓట్లే. నేను మాత్రం అవి అన్నీ మావేనని చెప్పుకుంటాను. ఓడినప్పుడు ఆ మూడూ నావేనని మొయ్యలేదా నేను?

కాసేపటికి ఫోన్లో కార్మె కనబడింది. ఎమ్మెల్యే అయిన మనిషి పూలదండ వేసుకుని ఉంటుందనుకున్నాను. బురదలో నిలబడి ఉన్నది. అవే బూట్లు, అదే పార. గాలికి జుట్టంతా ముఖం మీద పడుతున్నది. ఉషమ్మ మధ్యలో ఉండి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది.

“రాజవ్వ అంటే నువ్వేనట గద? ఈడ మా ఒడ్డు మీద అందరికి నువ్వెరికే.”

“మంచికెరికెనా, చెడ్డకెరికెనా?”

“రెంటికి” అని పెద్దగా నవ్వింది.

“సభల ఏ భాషల మాట్లాడుతవ్?”

“నాకు వచ్చింది ఒక్కటే. నా భాషల్నే.”

“నవ్వుతరు.”

“నవ్వనీ. దవడలు నొచ్చినంక వాళ్ళే ఇంటరు.”

ఫ్యాక్టరీ ఆగుతుందా అని అడిగాను. ఒక్క సీటుతో ఆగుతుందని చెప్పలేను, కానీ ఇక నుంచి వాళ్ళు నా ముఖం చూసి సమాధానం చెప్పాలి అన్నది. నాకు ఆ జవాబు నచ్చింది. ఆగిపోతుందని అబద్ధం చెప్పలేదు. తర్వాత ఏదో అని వెనక్కి తిరిగింది. ఏమన్నదని అడిగాను. నీళ్ళు ఎక్కుతున్నాయి, బుట్ట ఇంకా నిండలేదు, పోవాలి అన్నదట.

పొద్దుగూకే వేళకు సాయన్న ఫోన్ చేశాడు. గ్రూపులో అందరూ అడుగుతున్నారట, పోచన్న, లాండ్రీ ఆమె, బండి ఆపిన డ్రైవరు. ఫోన్లో వెనక క్యాంపు గోల వినిపిస్తున్నది.

“అక్కా, ఏమాయె? గా తెల్లోళ్ళు గెలిచిన్రా?”

నాకు ఆ దేశంలో ఓటు లేదు. ఈ దేశంలో లేదు. నా ఊళ్ళో ఉన్న ఓటు ఎవరు వేస్తున్నారో నాకే తెలియదు. అయినా నా నోట ఇంకో మాట రాలేదు.

“తెల్లోళ్ళేందిరా, మనం గెలిచినం. అందరికి చెప్పు.”